లగ్గం వీడియోల ఎక్స్‌పోర్ట్ తిప్పలకు హ్యాండ్‌బ్రేక్: చాలా సీజన్లు వాడాక నా అభిప్రాయం

నల్లగొండలో పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేస్తాను. ఎడిటింగ్‌కు నేను వాడే సాఫ్ట్‌వేర్ వేరు, ఈ సమీక్ష దాని గురించి కాదు. ఎడిటింగ్ ముగిసి వీడియో ఫైల్‌గా బయటికి తీశాక (రెండరింగ్, ఎక్స్‌పోర్ట్ అనేది దీన్నే) అందులో కనబడే తేడాల గురించి, వాటిలో చాలావాటిని తీర్చిపెట్టిన హ్యాండ్‌బ్రేక్ గురించి. మాటకూ పెదవికీ పొత్తు కుదరకపోవడం, మధ్యలో ఒక ఆకుపచ్చ ఫ్రేమ్ మెరవడం, బొమ్మ గడులు గడులుగా పగిలిపోవడం, టీవీలో సగంలో ఆగిపోవడం. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇవి కొత్త కాదు.

హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. 2003లో మొదలైంది, 1.0 వెర్షన్ మాత్రం 2016 డిసెంబర్‌లో వచ్చింది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. దీనితో ఎడిటింగ్ చేయలేం, ఒక రకం వీడియోను ఇంకో రకంలోకి మార్చడమే దీని పని. చాలామంది దీన్ని ఆఖర్లో సైజు తగ్గించడానికే వాడతారు. నాకు మాత్రం దీని అసలు విలువ మొదట్లోనే తెలిసింది, ఫుటేజ్ ఇంకా టైమ్‌లైన్ మీదికి, అంటే ఎడిటింగ్‌లో క్లిప్పులు పేర్చే పట్టీ మీదికి ఎక్కకముందు. ఎందుకంటే ఎక్స్‌పోర్ట్‌లో బయటపడే లోపాల్లో చాలా భాగం ఎక్స్‌పోర్ట్‌లో పుట్టినవి కావు. లోపలికి వచ్చిన ఫైల్‌తోపాటే వచ్చినవి.

ఇప్పుడు ఏ లగ్గం చూసినా మన కెమెరాలతోపాటు పెళ్లివారి ఫోన్ క్లిప్పులు తప్పకుండా ఉంటాయి. ఎదుర్కోళ్లు మేనమామ ఫోన్‌లో, బరాత్ తమ్ముడి ఫోన్‌లో. మన కెమెరాలు సెకనుకు 25 ఫ్రేములు. ఫోన్లు పేరుకు 30 తీస్తాయి కానీ ఆ 30 మీద నిలబడవు. వెలుగు తగ్గితే ఫ్రేములు తగ్గిస్తాయి, పెరిగితే పెంచుతాయి. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్‌రేట్ అంటారు. సగటున 29.7 ఉన్న క్లిప్పును సాఫ్ట్‌వేర్ 30 అనుకుని ఆడించిందంటే నూటికి ఒకటి తేడా, అంటే నిమిషానికి అర సెకనుకు పైనే. ప్రివ్యూలో చిన్న ముక్క చూస్తే పట్టుబడదు. పూర్తి ఫైల్ బయటికి వచ్చాక పది నిమిషాల దగ్గర పంతులు నోరు మూసుకుంటాడు, మంత్రం వినబడుతూనే ఉంటుంది.

అందుకే ఫోన్ నుంచి వచ్చిన ప్రతి క్లిప్పునూ ముందు ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో తెరిచి చూస్తాను. అదీ ఉచితమే. ఫ్రేమ్‌రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉంటే నేరుగా హ్యాండ్‌బ్రేక్‌లోకి పంపిస్తాను. అందులో ప్రొడక్షన్ అనే ప్రీసెట్ల (ముందే అమర్చి ఉంచిన సెట్టింగుల) వరుస ఉంది, ఎడిటింగ్‌లోకి తీసుకెళ్లే ఫైళ్ల కోసమే చేసినవి. ప్రొడక్షన్ స్టాండర్డ్ ఎంచుకుని, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 30, దాని కింద కాన్‌స్టెంట్ (ఫ్రేమ్‌రేట్ మారకుండా నిలకడగా) ఉందో లేదో చూసుకుని, క్లిప్పులన్నీ క్యూలో పెట్టి వదిలేస్తాను. ఫైళ్లు పెద్దవవుతాయి, డిస్క్ ఖాళీ ఉంచుకోవాలి. బదులుగా సింక్ గొడవ పోతుంది. మాట లేని షాట్లు, అంటే పెళ్లికూతురు మెట్లు దిగడం లాంటివి, ఆ 30 ఫ్రేముల క్లిప్పును 25గా చదివించేస్తాను. వేగం 83 శాతానికి తగ్గి నడక మెత్తగా వస్తుంది, ఒక్క ఫ్రేమూ పోదు.

సింక్ సరిచూసుకోవడానికి నేను పెదవులను నమ్మను. గట్టిమేళం దగ్గర డోలు కర్ర చూస్తాను. కర్ర తోలు మీద పడిన ఫ్రేమ్‌లోనే శబ్దాన్ని గీతగా చూపించే వేవ్‌ఫామ్ నిటారుగా లేవాలి. వీడియో మొదట్లో ఒక దెబ్బ, ఆఖర్లో ఒక దెబ్బ చూస్తే చాలు. మొదట్లో కలిసి ఆఖర్లో విడిపోయిందంటే ఫ్రేమ్‌రేట్ సంగతి. రెండుచోట్లా ఒకే అంత తేడా ఉంటే ఆడియో ట్రాక్ జరిగిందని అర్థం, దానికి హ్యాండ్‌బ్రేక్ అవసరం లేదు, టైమ్‌లైన్‌లోనే జరిపేయొచ్చు.

ఇక ఆకుపచ్చ ఫ్రేములు, నల్ల ఫ్రేములు, చిరిగిన గీతలు. ఎక్స్‌పోర్ట్ అయ్యాక వీటిని హ్యాండ్‌బ్రేక్ ఏమీ చేయజాలదు, ఆ సంగతి ముందే చెప్పాలి. ఎడిటింగ్ నుంచి బయటికి వచ్చిన ఫైల్‌లోనే మరక ఉంటే, దాన్ని మార్చినా మరక అలాగే వస్తుంది. నేను చేసేది ఒకటే: అదే ప్రాజెక్టును రెండోసారి ఎక్స్‌పోర్ట్ చేస్తాను. మరక రెండోసారీ అదే చోట వచ్చిందంటే ఆ చోటున్న క్లిప్పులోనో, ఎఫెక్టులోనో లోపం. రెండర్ క్యాష్ (సాఫ్ట్‌వేర్ ముందే తయారుచేసి దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు) చెరిపేసి, ఆ ఒక్క క్లిప్పును హ్యాండ్‌బ్రేక్‌లో మార్చి మళ్లీ పెడితే చాలాసార్లు పోతుంది. మరక చోటు మారిందంటే మాత్రం ఫుటేజ్‌ను అనుమానించను, మెషీన్‌ను చూస్తాను. గ్రాఫిక్స్ కార్డ్ చేసే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ తీసేసి ప్రాసెసర్ చేసే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్‌తో ప్రయత్నిస్తాను, గ్రాఫిక్స్ డ్రైవర్, మెమరీ, వేడి ఒక్కొక్కటి చూసుకుంటాను. ఒక ప్లేయర్‌లో కనబడి వీఎల్‌సీలో కనబడకపోతే ఫైల్ బాగానే ఉంది, ఆడించే చోటే తేడా. ఈ మూడూ విడదీసుకోకుండా సెట్టింగులన్నీ ఒకేసారి మార్చేసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. రాత్రంతా పోతుంది, ఏది మారిస్తే బాగయిందో తెలియదు.

మాస్టర్ ఫైల్, అంటే మిగతా కాపీలన్నీ తీసే మూల ఫైల్ గురించి. ఎడిటింగ్ నుంచి నేరుగా చిన్న ఎంపీ4 తీయను. తక్కువ కుదింపుతో నాణ్యత నిలిపే ప్రోరెస్ 422లోనో, దానికి సమానమైన డీఎన్ఎక్స్ఎచ్‌డీలోనో తీస్తాను. 1080, 25 ఫ్రేముల దగ్గర గంటకు సుమారు 55 జీబీ. ఎక్కువే. కానీ ఆ ఎక్స్‌పోర్ట్ కంప్యూటర్‌కు తేలిక, ఒకచోట మరక పడితే ఆ పది సెకన్లు మాత్రం మళ్లీ తీసి అతికించవచ్చు, మూడు గంటల సినిమా మళ్లీ మొదటినుంచి తీయక్కర్లేదు. ఆ మాస్టర్ నుంచి పెన్‌డ్రైవ్‌కు ఒకటి, యూట్యూబ్‌కు ఒకటి, వాట్సాప్‌కు ఒకటి హ్యాండ్‌బ్రేక్ తీసి ఇస్తుంది.

హ్యాండ్‌బ్రేక్ నాణ్యత నాకు బాగా తెలిసేది తలంబ్రాల దగ్గర. బియ్యం గింజలు, పూలరేకులు, పైనుంచి మెరుపు కాగితాలు, వెనక ఎల్‌ఈడీ వాల్ మిణుకులు. ప్రతి ఫ్రేమ్‌లో ప్రతి చుక్కా కదులుతుంది. బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) ఒకే అంకెకు కట్టేస్తే అక్కడే బొమ్మ గడులుగా పగులుతుంది, పెళ్లికూతురు చెంప మీద గడులు తేలతాయి. హ్యాండ్‌బ్రేక్‌లో ఆర్ఎఫ్ అనే క్వాలిటీ స్లైడర్ ఉంది. అది ఖాళీ గోడ ముందు కూర్చున్న పెద్దల షాట్‌కు తక్కువ డేటా, తలంబ్రాలకు ఎక్కువ డేటా తనంతట తానే పంచుతుంది. 1080 వీడియోకు 20 నుంచి 24 మధ్య ఉంచమని హ్యాండ్‌బ్రేక్ వాళ్ల సూచన. పెళ్లికి నేను 20 దాటను. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి.

పెన్‌డ్రైవ్ సంగతి వేరే లెక్క. మిర్యాలగూడ వైపు ఒక పార్టీ ఫోన్ చేసి, "అన్నా, పిచ్చర్ సగంలనే ఆగిపోతుంది, మా టీవీ ఖరాబైందా?" అని అడిగారు. టీవీకి ఏమీ కాలేదు. పాత టీవీల కోసం పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తాం, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటి పట్టదు. కాపీ మధ్యలోనే తెగిపోయింది. మూడు గంటల వీడియోను ఆ 4 జీబీలో ఇమిడిస్తే సెకనుకు మూడు మెగాబిట్లే దక్కుతాయి, తలంబ్రాలు మట్టికొట్టుకుపోతాయి. గంటన్నర చొప్పున రెండు భాగాలు చేసి, ఆర్ఎఫ్ బదులు సగటు బిట్‌రేట్ ఎంచుకుని సెకనుకు 5800 కిలోబిట్లు వేస్తే ఆడియోతో కలిపి లోపలే ఉంటుంది. వీడియోను కుదించే పద్ధతి పాత టీవీలకూ తెలిసిన ఎచ్.264, 8 బిట్, లెవల్ 4.1. దాని తర్వాత వచ్చిన ఎచ్.265 సైజు తగ్గిస్తుంది నిజమే, కానీ ఊళ్లో తాతగారి టీవీలో ఆడుతుందో లేదో తెలియని ఫైల్ నేనివ్వను.

యూట్యూబ్‌కు వెబ్ ఆప్టిమైజ్డ్ టిక్కు పెట్టండి, ఫైల్‌లో ఏది ఎక్కడుందో చెప్పే సూచిక ముందుకు వస్తుంది, వాళ్లు కోరేదీ అదే. ఒక జాగ్రత్త: క్రాపింగ్ ఆటోమేటిక్‌లో వదిలేయొద్దు. రాత్రి బరాత్ డ్రోన్ షాట్‌లో అంచులు చీకటిగా ఉంటే నల్లపట్టీ అనుకుని కోసే ప్రమాదం ఉంది. నన్ అని పెట్టుకోవాలి.

లోటుపాట్లు ఉన్నాయి. రెండు ఫైళ్లను కలపలేదు. ఏ వీడియోనైనా మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సిందే, ఉన్నదున్నట్టు దాటించే దారి లేదు. అన్నిటికంటే, సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్‌లో ప్రాసెసర్‌ను పూర్తిగా పిండుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన నల్లగొండ ఎండకు మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో క్యూ పెడితే వేగం పడిపోతుంది, ఒక్కోసారి మెషీనే ఆగిపోతుంది. నేను క్యూ రాత్రి పదకొండు తర్వాతే మొదలుపెడతాను, ఇన్వర్టర్ మీద. గ్రాఫిక్స్ కార్డ్ ఎన్‌కోడర్ కూడా ఎంచుకోవచ్చు, చాలా వేగం, కానీ అదే సైజులో తలంబ్రాలు అంత శుభ్రంగా రావు. వాట్సాప్‌కు పంపే హైలైట్స్‌కు అది చాలు.

డౌన్‌లోడ్ మాత్రం హ్యాండ్‌బ్రేక్ అధికారిక సైట్ నుంచే చేసుకోండి, అక్కడిచ్చిన చెక్‌సమ్‌తో (ఫైల్ మారలేదని తేల్చే గుర్తు సంఖ్యతో) సరిచూసుకోండి. 2017 మేలో వాళ్ల డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదానిలోకి ఎవరో చొరబడి మ్యాక్ ఫైల్ స్థానంలో మాల్వేర్ పెట్టారు. ఆ సంగతి వాళ్లే బయటికి చెప్పి జనాన్ని హెచ్చరించారు. కొత్త వెర్షన్ వచ్చినా ముహూర్తాల మధ్యలో వేయను. ఆషాఢంలో లగ్గాలుండవు కాబట్టి అప్పుడు వేసి, పాత మాస్టర్ ఒకటి తీసుకుని, గట్టిమేళం, తలంబ్రాలు ఉన్న ముక్కను మార్చి చూసి, బాగుంటేనే శ్రావణానికి ఉంచుకుంటాను.