ఇన్-మెమరీ టేబుల్స్ ఉన్న డేటాబేస్‌కి బ్యాకప్: ఐదేళ్ల వాడకం తర్వాత

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇన్-మెమరీ టేబుల్స్ (డేటా మొత్తం ర్యామ్‌లోనే ఉండే టేబుల్స్) వాడటం మొదలుపెట్టి మాకు ఐదేళ్లు దాటింది. స్పీడ్ గురించి చాలామంది రాశారు, బ్యాకప్ సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు, అందుకే ఇది రాస్తున్నా.

బ్యాకప్ తీయడానికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏం లేదు. రోజూ వాడే కమాండే, మెమరీ ఆప్టిమైజ్డ్ ఫైల్‌గ్రూప్ (ఈ టేబుల్స్ డేటాని డిస్క్ మీద దాచే ఫైళ్ల గుంపు) దాంతోపాటే వచ్చేస్తుంది. సైజు చూసి మాత్రం మొదట్లో కంగారుపడ్డా, టేబుల్స్ మెమరీలో 40 జీబీ ఉంటే బ్యాకప్‌లో వాటి వాటా అంతకంటే బాగా ఎక్కువ వస్తోంది. ఎందుకంటే రో డిలీట్ చేసినా డేటా ఫైల్లోంచి వెంటనే పోదు, ఫలానా రో పోయిందని పక్కనున్న డెల్టా ఫైల్లో రాసుకుంటుంది అంతే, తర్వాత ఎప్పుడో ఆ ఫైళ్లు మెర్జ్ (ఒకటిగా కలవడం) అయ్యాకే ఆ చోటు ఖాళీ అవుతుంది, అప్‌డేట్ కూడా లోపల డిలీట్, ఇన్సర్ట్ కలిపి చేసేదే కాబట్టి అప్‌డేట్లు ఎక్కువ జరిగే టేబుల్స్‌కి ఇంకా పెరుగుతుంది.

అసలు కష్టమంతా రీస్టోర్‌లోనే. ప్రొడక్షన్ బ్యాకప్‌ని ఒకసారి 32 జీబీ ర్యామ్ ఉన్న టెస్ట్ సర్వర్‌లో వేశాం, డిస్క్ బోలెడంత ఉంది కదా అనుకున్నాం, నూరు శాతం చూపించింది, తీరా రికవరీలో (డేటాబేస్‌ని వాడకానికి సిద్ధం చేసే చివరి దశ) మెమరీ చాలట్లేదని ఎర్రర్ ఇచ్చి డేటాబేస్ అసలు ఆన్‌లైన్‌కే రాలేదు. ఈ టేబుల్స్ డేటా మొత్తం ర్యామ్‌లోకి లోడ్ అయితేగానీ డేటాబేస్ తెరుచుకోదు. ర్యామ్ ఉన్నా డిఫాల్ట్ పూల్‌లో (సర్వర్ మామూలుగా మెమరీ పంచే కోటా) కొంత శాతమే దీనికి దక్కుతుంది, అందుకే ఇప్పుడు మేం నోరికవరీతో (అంటే ఆ చివరి దశ ఆపి) రీస్టోర్ చేసి, డేటాబేస్‌ని వేరే రిసోర్స్ పూల్‌కి బైండ్ చేసి, ఆ తర్వాతే రికవరీ ఇస్తున్నాం. స్టాండ్‌బై సర్వర్ కొనేటప్పుడు డిస్క్ కంటే ముందు ర్యామ్ లెక్క చూడండి దయచేసి.

చాలామందికి తెలియని ఇంకో విషయం, చెక్‌డీబీ (డేటాబేస్ పాడైందేమో చూసే కమాండ్) ఈ టేబుల్స్‌ని చూడదు. ఎర్రర్స్ ఏం లేవు అని వస్తే అది డిస్క్ టేబుల్స్ వరకే. వీటి ఫైళ్ల చెక్‌సమ్ (ఫైల్ పాడవలేదని తేల్చే లెక్క) సరిచూసేది బ్యాకప్ తీసేటప్పుడు, మళ్లీ రికవరీ అప్పుడు. అంటే ఇక్కడ బ్యాకప్పే మన కరప్షన్ చెక్, ఏదైనా పాడైతే రిపేర్ ఆప్షన్ లేదు, మంచి బ్యాకప్ నుంచి తెచ్చుకోవాల్సిందే. చెక్ కోసమే నల్‌కి (ఎక్కడా సేవ్ కాకుండా) ఫుల్ బ్యాకప్ తీసేవాళ్లు కాపీ ఓన్లీ ఆప్షన్ పెట్టండి, లేదంటే డిఫరెన్షియల్స్ (చివరి ఫుల్ బ్యాకప్ తర్వాతి మార్పులే ఉండే బ్యాకప్‌లు) అన్నీ ఆ ఎక్కడా లేని బ్యాకప్ మీద ఆధారపడతాయి.

స్కీమా ఓన్లీ టేబుల్స్‌లో (టేబుల్ నిర్మాణం మాత్రమే డిస్క్‌లో దాచే రకం) డేటా బ్యాకప్‌లోకి రాదు, రీస్టోర్ అయ్యాక ఖాళీ టేబుల్ కనిపిస్తుంది. సెషన్ డేటాకి పర్లేదు, మా దగ్గర ఒకాయన ఆర్డర్ క్యూని అందులో పెట్టాడు, రివ్యూలో దొరికింది కాబట్టి బతికిపోయాం.

ఇన్ని చెప్పినా నేను దీన్ని తీసేయమనను, డేటా రాసే మా లోడ్‌కి ఇదే సరిపోయింది. కాకపోతే 2022 వెర్షన్ వరకు ఈ ఫైల్‌గ్రూప్ ఒకసారి యాడ్ చేస్తే డేటాబేస్ డ్రాప్ చేస్తేగానీ పోదు, ఊరికే ట్రై చేసి చూద్దాం అనుకునేవాళ్లు వేరే కాపీలో చేసుకోండి.