ఎన్‌పీటెల్ 12 వారాల కోర్సు: మెంటర్‌గా వాడి చూశాక

గుంటూరులో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, కొన్నేళ్లుగా ఎన్‌పీటెల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక) కోర్సులకు మెంటర్‌గా ఉంటున్నాను. నేనూ కొన్ని కోర్సులు చేసి పరీక్ష రాశాను. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలకు మార్కులు వేసేంతదాన్ని కాదు. వేలమంది ఒకేసారి చేరే కోర్సులో పిల్లలు చివరిదాకా ఉంటున్నారా లేదా అన్నదే నాకు కావాల్సింది.

వాళ్లను ఎక్కువగా పట్టి ఉంచేది వారం వారం అసైన్‌మెంట్‌కు ఉండే బుధవారం రాత్రి గడువు. 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 తీసుకుని వాటి సగటుకు 25 మార్కులిస్తారు, పరీక్షకు 75. కాలేజీలో మిడ్స్ పరీక్షలున్న వారం ఒకటి ఎగ్గొట్టినా కొంప మునగదు. ఈ వెసులుబాటే లేకపోతే మా వాళ్లు చాలామంది సగంలోనే మానేసేవారు.

చిక్కల్లా ఆప్షన్ల ప్రశ్నలతోనే. మంగళవారానికల్లా జవాబులు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. అసైన్‌మెంట్లలో 24 తెచ్చుకున్నవాడు పరీక్షలో 30 కూడా దాటక ఫెయిలవుతాడు. పాస్ కావాలంటే 25కి 10, 75కి 30 విడివిడిగా రావాలి మరి. ప్రోగ్రామింగ్ కోర్సులు నయం. పంపిన కోడ్‌ను పైకి కనబడని టెస్ట్ కేసులతో (కోడ్‌ను పరీక్షించే ఇన్‌పుట్లతో) కూడా సరిచూస్తారు. అన్నీ పాసై ఒక్కటి ఫెయిలైతే పిల్లలకు రోషం వస్తుంది. "మేడం, ఎక్కడ పోయిందో చూడండి" అని ల్యాబ్‌కు వస్తారు. అలా వచ్చినవాళ్లు మళ్లీ మధ్యలో వదిలేయడం నేను పెద్దగా చూడలేదు.

ఇక వీడియోలు. చాలావరకు అరగంటవి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో పరిశోధకుడు ఫిలిప్ గువో బృందం తేల్చిందేమిటంటే, వీడియో ఎంత పొడుగున్నా జనం సాధారణంగా చూసేది 6 నిమిషాల లోపే. మా పిల్లలు 1.5 స్పీడ్‌లో పెట్టి ఫోన్ పక్కన పడేస్తారు. అందుకే సోమవారం చివరి పీరియడ్‌లో ప్రొజెక్టర్ మీద నేనే వేస్తాను. ప్రొఫెసర్ లెక్క మొదలుపెట్టగానే పాజ్ చేసి, పక్కవాడితో కలిసి నోట్స్‌లో చేయమంటాను. క్లాసంతా వింటుంటే నోరు విప్పని అమ్మాయి పక్కనున్న అమ్మాయికి చక్కగా చెబుతుంది. అయిదుగురికో గ్రూపు, గ్రూపుకు ఒక్క డౌటే రాసివ్వాలి. వాళ్లలో వాళ్లు తేల్చుకోగా మిగిలినవే నా దగ్గరికొస్తాయి. అవే అసలైన డౌట్లు. ఈ పద్ధతిలో ఒక్క పీరియడ్‌లో సగం వీడియో కూడా అవదు, మిగతాది ఇంట్లో చూసుకోవాల్సిందే.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు కొన్ని కోర్సుల తెలుగు అనువాదం బాగా పనికొచ్చింది. కాలేజీల్లో సర్టిఫికెట్ల లెక్కే అడుగుతారు కాబట్టి ఒక్కొక్కరి చేత రెండేసి కోర్సులు కట్టిస్తారు. అలాంటి సెమిస్టర్లలో రెండూ అరకొరే.

చేరడం ఉచితం, పరీక్షకే ఫీజు. జనవరి బ్యాచ్ పరీక్షలు ఏప్రిల్‌లో పడతాయి. మా ఎండలు తెలిసినవాళ్లు జూలై బ్యాచ్‌కే పోతారు, నేనూ అంతే.