మట్టిని పట్టే ఫిల్టరు ఆరు నెలలొస్తుందన్న మాట, బెజవాడ ఎర్రనీళ్ళలో దాని అసలు సంగతి

ముందే చెప్పేస్తున్నానండి, వస్తువు మంచిదే, కొనొచ్చు, ఐదుకి మూడున్నర ఇస్తా. మిగతా ఒకటిన్నర ఎక్కడ కోశానంటే, అమ్మేటప్పుడు చెప్పే "ఆరు నెలలకోసారి కార్ట్‌రిడ్జ్ మారిస్తే చాలు సార్" అన్న మాట దగ్గరా (కార్ట్‌రిడ్జ్ అంటే లోపల నీళ్ళు వడగట్టే గొట్టం), బిగించిన కుర్రాడి పని దగ్గరా. 2024 వరదలయ్యాక మా సింగ్‌నగర్ వైపు ఎవరింటికెళ్ళినా ఇదే కొనాలా వద్దా అని అడుగుతున్నారు గనక కాస్త వివరంగా రాస్తున్నా, ఓపికున్నోళ్ళు చదవండి.

ఇది తాగేనీళ్ళ ఆర్‌ఓ కాదు, ఇల్లంతటికీ వచ్చే నీళ్ళలో మట్టి పట్టుకునే ఫిల్టరు. పక్కపక్కనే రెండు డబ్బాలుంటాయి. మొదటిదాంట్లో స్టీలు జాలీ, అడుగున చిన్న వాల్వు, తిప్పితే పోగైన ఇసకంతా బుస్సుమని బయటికి కొట్టేస్తది, దీనికి మార్చాల్సిందేం లేదు కడుక్కోవడమే. రెండోది నీలం రంగు జంబో హౌసింగు, ఇరవై అంగుళాలు, లోపల తెల్లటి స్పన్ కార్ట్‌రిడ్జ్, ఐదు మైక్రాన్లది, మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గవర్నర్‌పేటలో ఒక షాపులో తీసుకున్నా, రెండు డబ్బాలూ, బ్రాకెట్టూ, స్పానరూ, నేను పట్టుబట్టి అడిగి పెట్టించుకున్న రెండు ప్రెషర్ గేజిలూ కలిపి ఆరువేల ఐదొందలు, బిగించడానికి వేరే.

షాపులో ఒక చిన్న నాటకం జరిగింది. నేను సీసాలో తీసుకెళ్ళిన మా ఇంటి నీళ్ళలో టీడీఎస్ మీటరు ముంచి చూశారా సార్ ఎంత మురికో అన్నాడు. అది కరిగిన ఉప్పుల లెక్క చెప్పే మీటరండీ, మట్టి నీళ్ళలో కరగదు, తేలుతూ ఉంటది, చిక్కటి ఎర్రనీళ్ళు పెట్టినా ఆ మీటరు తక్కువే చూపించొచ్చు. మట్టికి చూడాల్సింది టర్బిడిటీ, అంటే నీళ్ళు ఎంత మసగ్గా ఉన్నాయన్నది, ఎన్‌టీయూ అనే కొలతలో చెప్తారు, తాగేనీళ్ళకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1 దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 5 దాకా ఒప్పుకుంటారు. ఆ టర్బిడిటీ కొలిచే మీటరు షాపుల్లో ఉండదు, ఖరీదెక్కువ, దానికి నేనేం అనను, కానీ మట్టి ఫిల్టరు అమ్ముతూ ఉప్పు మీటరు చూపిస్తే కొనేవాడికి ఏం అర్థమవుద్ది?

ఇక ఆరు నెలల సంగతి. మా బాబాయి గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు, హిమాచల్‌లో సట్లెజ్ నది మీదున్న నాథ్‌పా ఝాక్రీ కరెంటు ప్రాజెక్టులో మెకానికల్ సైడు చేసి రిటైరయ్యాడు. ఫోన్లో ఇలా ఆరు నెలలంటున్నాడు బాబాయ్ అంటే, "నెలలు కాదురా అడగాల్సింది, అది ఎంత మట్టి మింగుద్దో అడుగు" అన్నాడు. తర్వాత ఆయన మొదలుపెడితే గంటన్నర, పిన్ని వచ్చి ఫోను లాక్కుంటేగానీ ఆగలేదు, కానీ ఆ గంటన్నరలో విన్నది ఏ యూట్యూబు రివ్యూలోనూ దొరకలేదు నాకు.

నాథ్‌పా ఝాక్రీ 1500 మెగావాట్లది. నదినీళ్ళు నేరుగా టర్బైనుకి పంపరట, కొండలోపల నాలుగు పూడిక గదులు తొలిచారు, ఒక్కోటి 525 మీటర్ల పొడవు, వాటిల్లో నీళ్ళు నిదానించేసరికి ఇసక కిందకి దిగుద్ది. అంత కట్టినా పట్టేది 0.2 మిల్లీమీటర్లకన్నా పెద్ద రేణువుల్నే, సన్నది టర్బైన్లోకి పోవాల్సిందే. ఆ సన్నదాంట్లో కూడా పలుగురాయి పొడి ఉంటది, స్టీలుకన్నా గట్టిది, ఆ వేగంలో బ్లేడ్ల అంచుల్ని కొరికేస్తది. అందుకని నదిలో మట్టి 5000 పీపీఎం దాటితే మెషిన్లన్నీ ఆపేస్తారు, ఎంత కరెంటు పోయినా సరే. 5000 పీపీఎం అంటే లీటరుకి ఐదు గ్రాములు, చిన్న టీ స్పూనుడు. ఏముందిలే అనిపిస్తది గానీ మన ఇంటిమీద వెయ్యి లీటర్ల ట్యాంకు అలాంటి నీళ్ళతో నింపితే ఐదు కిలోల మట్టి పైకెక్కినట్టు.

అసలు కిటుకేంటంటే ఆ మట్టి ఏడాదంతా సమానంగా రాదు. చలికాలంలో కొండనదులు అడుగు కనపడేంత తేటగా ఉంటాయి. ఎండలు ముదిరి హిమానీనదాలు కరిగేటప్పుడు, మంచు కింద రాళ్ళు ఒరుసుకుని నూరుకుపోయిన పిండి కలిసి నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడతాయి. వానాకాలం మొదలయ్యాక కొండచరియలు, వాగులు, తవ్వి పోసిన రోడ్ల మట్టి అన్నీ ఒకేసారి దిగుతాయి. హిమాలయ నదుల్లో ఏడాది మట్టిలో ఎక్కువ భాగం వానాకాలం ఆ మూడు నాలుగు నెలల్లోనే వస్తది, ఆ నెలల్లో కూడా అసలు భారమంతా కొద్ది రోజులదే. ఇంకోటి, చాలా నదుల్లో నీళ్ళు పూర్తిగా పెరగకముందే మట్టి పెరుగుద్దంట, ఎందుకంటే ఎండాకాలమంతా వదులై కూర్చున్న మన్ను మొదటి వరదకే కొట్టుకొస్తది, అంతే ఎత్తు వరద సెప్టెంబరులో మళ్ళీ వస్తే అంత ఎరుపు ఉండదు, కడగాల్సింది అప్పటికే కడిగేసింది కదా.

లెక్కేసుకోండి మరి. కార్ట్‌రిడ్జ్ పట్టగలిగే మట్టి ఇంత అని ఉంటది. లీటరుకి 2 మిల్లీగ్రాముల మట్టి ఉన్న నీళ్ళలో ఆరు నెలలు వచ్చేది, 200 మిల్లీగ్రాములున్న నీళ్ళు వస్తే రెండ్రోజుల్లో నిండిపోద్ది. ఆ ఆరు నెలలు అబద్ధం కాదు, ఏ ఆరు నెలలన్నదే చెప్పరు. నవంబరులో బిగిస్తే మే దాకా హాయిగా వస్తది, జులైలో బిగిస్తే నాకు వినాయక చవితి కూడా చూడలేదు.

ఇవి కూడా కాకుండా క్యాలెండరుకి అందనివి కొన్నుంటాయి. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలో రోంటీ శిఖరం నుంచి రాయీ మంచూ కలిసి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్లు ఒక్కసారి విరిగి పడింది. ఫిబ్రవరండీ, వానలేదు, నదులు ఏడాదిలో అన్నిటికన్నా తేటగా ఉండే కాలం. రిషిగంగ ప్రాజెక్టు కొట్టుకుపోయింది, తపోవన్ ప్రాజెక్టు సొరంగంలో మనుషులు ఇరుక్కుపోయారు, మొత్తం రెండొందల మందికి పైగా పోయారు. ఆ బురద అక్కడితో ఆగలా, గంగ కాలవ పట్టుకుని వారం తిరిగేసరికి ఢిల్లీ నీళ్ళ ప్లాంట్ల దాకా వచ్చింది, శుద్ధి చేయాల్సిన నీళ్ళలో టర్బిడిటీ 8000 ఎన్‌టీయూకి పోయిందని చెప్పి సోనియా విహార్, భాగీరథి ప్లాంట్లలో ఉత్పత్తి తగ్గించుకోవాల్సొచ్చింది. 2013 జూన్‌లో కేదార్‌నాథ్, 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు తెగి తీస్తా డ్యాము కొట్టుకుపోవడం, ఇవీ అంతే, గంటల్లో వచ్చిన మట్టి ఏళ్ళ లెక్కల్ని తిరగేసింది.

మనకి హిమాలయాలెక్కడున్నాయి బాబూ అనొద్దు. కృష్ణ కూడా మహాబలేశ్వరం కొండల్లో పుట్టిందే, కాకపోతే మధ్యలో డ్యాములున్నాయి, మట్టంతా అక్కడే దిగిపోద్ది. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు, ఇప్పుడు 215 చిల్లర, నాగార్జునసాగర్ 408 నుంచి 312కి వచ్చింది, తగ్గిందాంట్లో ఎక్కువ భాగం పూడికే. అందుకే ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణమ్మ ఏడాదిలో ఎక్కువ రోజులు తేటగానే ఉంటది. ఎరుపు తెచ్చేది పెద్ద కృష్ణ కాదు, పెద్ద డ్యాముల కింద కలిసేవి. పులిచింతల దాటాక మున్నేరు కలుస్తది, బుడమేరు నీళ్ళు మళ్ళింపు కాలవలో కొన్ని వస్తాయి, జులైలో పట్టిసీమ మోటార్లు ఆన్ చేస్తే ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర గోదారి ఎర్రనీళ్ళు దిగుతాయి. బుడమేరు చూడ్డానికి కాలవలా ఉంటది గానీ పుట్టుక కొండల్లోది, మైలవరం వైపు కుంభవృష్టి కురిస్తే గంటల్లో పొంగుద్ది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజి దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు పోయిన సంగతి అందరికీ గుర్తుంటది గానీ మా ఇళ్ళల్లోకొచ్చింది ఆ కృష్ణ కాదు, బుడమేరు. నీళ్ళు తీశాక ఫైరింజన్లు తెచ్చి ఇళ్ళు కడిగించారు, మా సంపులో అడుగున చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది బంకమన్ను.

ఇప్పుడు ఫిల్టరు పనితనం. రెండు గేజిల మధ్య తేడా చూస్తే చాలు, కొత్త కార్ట్‌రిడ్జ్‌తో రెండూ ఇంచుమించు ఒకటే చూపిస్తాయి, నిండేకొద్దీ ముందుది పెరుగుద్ది, వెనకది పడిపోద్ది, ట్యాంకులోకి ధార సన్నబడుద్ది. జులైలో తీసినదాన్ని కత్తితో అడ్డంగా కోసి చూశా. పైన గోరుతో గీకితే వచ్చే జిగటమన్ను, ఎర్రటి చాక్లెట్ రంగు, దాని కింద పలచటి గోధుమరంగు వలయం, అక్కడ్నించి మధ్య గొట్టం దాకా తెల్లగా కొత్తదానిలాగే ఉంది. అంటే లోపల చోటున్నా పైపొర మూసుకుపోయి చచ్చిపోయిందన్నమాట. మొదటి డబ్బా జాలీ ఇసకని బాగా పడుతుంది, బంకమన్నుని అసలు ఆపదు, అది జాలీ వల్ల అయ్యే పని కూడా కాదు.

ఇంకో సంగతి షాపోడు చెప్పడు. బంకమన్ను రేణువు రెండు మైక్రాన్ల లోపుంటది, ఐదు మైక్రాన్ల కార్ట్‌రిడ్జ్‌లోంచి చాలావరకు దూరిపోద్ది. ఒక మైక్రాను రేణువు కదలని నీళ్ళలో మీటరు కిందకి దిగడానికి దాదాపు రెండు వారాలు పడుద్ది, సన్న ఇసక రేణువు అదే మీటరు రెండు నిమిషాల్లో దిగుద్ది. మీరే చూసుకోండి, గాజుసీసాలో ఎర్రనీళ్ళు పట్టి గట్టుమీద పెట్టండి, ఇసక అప్పుడే అడుగుకి పోద్ది, మర్నాటికి కూడా పైన నీళ్ళు మాత్రం ఎర్రగానే ఉంటాయి. వాటికి పటికే మందు, సన్న రేణువులన్నీ ముద్దకట్టి దిగుతాయి. మా అమ్మమ్మ చిల్లగింజ బిందె లోపల అరగదీసేది, అదీ ఇదే పని చేస్తది. నేను ఎర్రనీళ్ళు వచ్చిన వారాల్లో సంపులో పటిక వేయించి, తేరాక పైనీళ్ళే మోటారుకి అందేట్టు పైపు చివరుండే ఫుట్‌వాల్వు ఎత్తి పెట్టించా, ఆ తర్వాత కార్ట్‌రిడ్జ్ చాలా నయంగా వచ్చింది.

బిగింపు మీద నాకు కోపమే. వచ్చిన కుర్రాడు కుళాయి లైనుకే పెట్టేస్తానన్నాడు, ఆ ప్రెషరుకి ఐదు మైక్రాన్లు దాటి నీళ్ళు రావు, మోటారు తర్వాత పెట్టాలని నేనే గొడవపడి పెట్టించా. ఫిల్టరుని తప్పించి నీళ్ళు పంపే బైపాస్ వాల్వు లేకుండా బిగించి పోయాడు, అది లేకపోతే కార్ట్‌రిడ్జ్ మార్చేదాకా ఇల్లంతా నీళ్ళు బందు. మళ్ళీ పిలిస్తే విజిటింగ్ చార్జి అన్నారు, ఇదేం న్యాయమండీ, వాళ్ళు మర్చిపోయినదానికి! చివరికి మా వీధి ప్లంబరు రెండు బాల్ వాల్వులూ, పైపు చీల్చే టీ ముక్కలూ వేసి సరిచేశాడు. హౌసింగు మూతలో రబ్బరు రింగుకి గ్రీజు కూడా రాయలేదు, మొదటిసారి విప్పేటప్పుడు మేమిద్దరం వేలాడాల్సొచ్చింది.

బోరునీళ్ళు మాత్రమే వాడే ఇళ్ళకి ఇది దాదాపు అనవసరం, బోరులో ఇసక వస్తుంటే మొదటి జాలీ డబ్బా ఒక్కటి చాలు. కుళాయి నీళ్ళు సంపులో పట్టి పైకెక్కించే వాళ్ళకి మాత్రం గీజరూ, వాషింగ్ మెషినూ, ఆర్‌ఓ మెంబ్రేనూ బతుకుతాయి. ఐదు మైక్రాన్లది ఒక్కటే కాకుండా వానాకాలానికి ఇరవై మైక్రాన్లది పెట్టుకుని, దీపావళి దాటాక ఐదుకి మారడం మేలు. ఏడాదికి రెండు కార్ట్‌రిడ్జ్‌లు ఉచితం అని ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్సు కాంట్రాక్టు, అంటగడతారు, వద్దనండి, మనకి రెండూ ఆగస్టులోనే అయిపోతాయి. ఆ డబ్బుతో జూన్‌లోనే నాలుగైదు విడిగా కొని అటక మీద పడేసుకోండి, టీవీలో బ్యారేజి గేట్లు చూపించడం మొదలయ్యాక అదే షాపులో స్టాకు లేదంటారు, ఉన్నా ఆ రేటుకి ఇవ్వరు.