రాళ్ళ దెబ్బలకు ‘అన్ని కార్లకూ పనికొచ్చే’ టచప్ పెన్ కొనకండి

బానెట్ మీద రాళ్ళు తగిలి పెయింట్ పెచ్చులూడిందని టచప్ కిట్ కోసం వెతుకుతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి. నాకు జరిగిన నష్టం మీకు జరగకూడదనే రాస్తున్నాను.

నాది సిల్వర్ కారు. బానెట్ ముందు అంచున ఏడు మచ్చలుండేవి. ఒకటి చొక్కా గుండీలో సగం ఉంటుంది, మిగతావి గుండుసూది తలంత. ‘అన్ని రంగులకూ సరిపోతుంది’ అని రాసున్న కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెన్ మూత తీస్తే లోపల రంగే లేదు, నీళ్ళలాంటి వార్నిష్. పైపైన పడిన సన్నటి గీతకు అది పూస్తే మెరుపులో గీత కాసేపు కనపడకుండా పోతుంది. రాయి దెబ్బ అలా కాదు. అక్కడ రంగు ఊడి ప్రైమరో (రంగు కింద వేసే అడుగు పూత), రేకో బయటపడి ఉంటుంది. రంగులేని వార్నిష్‌తో దాన్ని కప్పలేం.

రెండు మచ్చల అడుగున అప్పటికే నారింజ రంగు తుప్పు చుక్కలున్నాయి. కిట్ మీద తుప్పు గురించి ఒక్క మాట లేదు. నేనూ తెలియక దాని మీదే పూసేశాను. వానలు మొదలైన కొన్ని వారాలకు ఆ రెండు చోట్లా పెయింట్ పొంగింది, గోటితో తడితే పొరలా లేచి వచ్చింది. తుప్పును గీకి తీయకుండా పైన పూత వేస్తే అది ఆగదు, పెయింట్ కిందుగా పాకుతూనే ఉంటుంది.

అసలు నష్టం చేసింది మాత్రం కిట్‌లోని వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) ముక్క. పూత ఆరాక తడిపి రుద్దమన్నారు, రుద్దాను. మొదట పాలలా తెల్లటి నీళ్ళు కారాయి. అది రంగు పైనుండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్ అరుగుతున్న గుర్తు. ఇంకో పదిసార్లు రుద్దేసరికి నీళ్ళు బూడిద రంగుకు తిరిగాయి. చెయ్యి ఆగిపోయింది. అది నా కారు రంగు. పేపర్ తిప్పి చూస్తే వెనక 800 అని ఉంది! నంబరు తగ్గేకొద్దీ పేపర్ గరుకు ఎక్కువ, ఈ పనికి 2000 నుంచి 3000 నంబరు పేపర్ వాడాలి. క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లే, తల వెంట్రుక కంటే పల్చన. అది పోయిన చోట పాలిష్ ఎంత పట్టించినా మెరుపు రాదు. ఇప్పుడు అక్కడ అరచేయంత మేర వెలిసిన మచ్చ ఉంది.

అమ్మినవాళ్ళను అడిగితే, తెరిచిన వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు.

కొనాలనుకుంటే మీ కారు పెయింట్ కోడ్‌తో తయారైనదే కొనండి. చాలా కార్లలో ఆ కోడ్ డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీద గానీ, బానెట్ కింద గానీ స్టిక్కర్‌పై ఉంటుంది. దొరక్కపోతే ఛాసిస్ నంబరు చెప్పి డీలర్‌ను అడగండి. ‘సిల్వర్’, ‘వైట్’ అన్న పేరు చూసి తీసుకోవద్దు. ఒకే కంపెనీలో సిల్వర్‌లు నాలుగైదు ఉండొచ్చు. సిల్వర్‌లాంటి మెటాలిక్ (లోహపు మెరుపున్న) రంగుకు పైన క్లియర్ కోట్ తప్పనిసరి, రేకు బయటపడితే కింద ప్రైమర్ కూడా కావాలి. కొన్ని పెర్ల్ వైట్‌లకు (ముత్యంలా మెరిసే తెలుపు) రంగే రెండు పొరలుగా వేయాలి, ఆ రెండో సీసా ఇస్తున్నారో లేదో కూడా అడగండి.

వేసేటప్పుడు ఎండలో వద్దు, నీడలో వేయండి. ముందు సోపునీళ్ళతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పాత వాక్స్ చాలావరకు పోతుంది. లేకపోతే రంగు పట్టదు. సీసాను బాగా ఊపి, సన్న కుంచెతో గుంతలో మాత్రమే చుక్క పెట్టండి. రంగు ఆరేకొద్దీ కుంగుతుంది కాబట్టి ఒకేసారి నింపకుండా పల్చగా, ఆరనిస్తూ మళ్ళీ మళ్ళీ వేయాలి. చివర్లో కాస్త ఎత్తుగా ఉన్నా నా మాట విని అలాగే వదిలేయండి. రుద్ది క్లియర్ కోట్ పోగొట్టుకోవడం కంటే ఆ చిన్న బుడిపె నయం.

నా కారును షెడ్‌లో చూపిస్తే బానెట్ మొత్తం మళ్ళీ పెయింట్ చేయాల్సిందే అన్నారు. ఇలాంటి కిట్ ఇప్పటికే మీ చేతికొచ్చి ఉంటే సీలు విప్పకుండా వెనక్కి పంపేయండి. విప్పేసి ఉంటే కనీసం ఆ పేపర్ ముక్కను కారు దగ్గరికి తీసుకెళ్ళకండి.