మూడు వేల పది రూపాయల నెమ్మది

ముందే చెబుతున్నాను, నాకు ప్రార్థన మీద కోపం లేదు. బాప్తిస్మం తీసుకుని ముప్పై ఏళ్లు దాటింది. స్త్రీల సమాజం లెక్కలు రాసేది నేనే. మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాకే కంచాలు పెడతాం. నా కోపమంతా ఒక రసీదు మీద. దాన్ని వంటగది గోడకు అంటించి పెట్టాను. ‘ప్రేమ కానుక, రూ. 1,200’ అని ఉంటుంది దాని మీద. నిజానికి అది ఒక రాత్రి గది అద్దె.

మా బావగారు పోయి ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి అక్కకు నిద్ర లేదు, అన్నం సయించదు, గుడికి వస్తుంది కానీ పాటకు నోరు కలపదు. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి నేనే తీసుకెళ్లాను. చీటీకి పైసా అడగలేదు, మాత్రలూ అక్కడే ఇచ్చారు. డాక్టరమ్మ రెండు మాటలు గట్టిగా చెప్పింది. ఈ మాత్రల గుణం కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది, సొంతంగా మధ్యలో మానేయకూడదు. సరిగ్గా పన్నెండో రోజున మా సంఘంలో ఒకావిడ కరపత్రం తెచ్చి ఇచ్చింది. మహబూబ్‌నగర్ అవతల మనశ్శాంతి కోసం మూడు రోజుల ప్రార్థనా శిబిరమట, వసతి ఉచితమట. అక్క ఆశగా నా ముఖంలోకి చూసింది. ఎనిమిది నెలల్లో ఆమె ఏదైనా కావాలనుకోవడం అదే మొదలు, కాదనలేకపోయాను.

ఫిబ్రవరి రెండో శనివారం కలిసి వస్తుందని శుక్రవారం బడికి సెలవు పెట్టాను. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మూడు బస్సులు మారి పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, చేరాం, దారిలో చెప్పుకోవలసిన ఇబ్బంది ఏమీ లేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి ఆధార్ చూపించి మేమిద్దరం సున్నా టికెట్టు తీసుకున్నాం. మా ఆయనకు మాత్రం మొత్తం 270 రూపాయలైంది. “మీ మనశ్శాంతికి టికెట్టు నాకా?” అని దేవరకొండలో ఒకసారి, కల్వకుర్తిలో ఇంకోసారి అన్నారు. జడ్చర్ల వచ్చేసరికి ఆ మాట అనే ఓపిక కూడా పోయింది.

బస్టాండు నుంచి శిబిరానికి ఆటో 250. గేటు దగ్గరే ఒక బల్ల, బల్ల మీద డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్. పేరు నమోదుకు మనిషికి 350. “వసతి ఉచితమన్నారు కదా” అన్నాను. హాలులో నేల మీద పడుకోవడం ఉచితమేనట, గది కావాలంటే ప్రేమ కానుక ఇవ్వాలట. ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇవ్వవచ్చా అని మా ఆయన అడిగితే ఆ కుర్రవాడు తల ఎత్తకుండానే 1,200 అని రాసేశాడు. ముగ్గురికి రెండు మంచాలు. ఎనిమిది గదులకు వరండా చివర ఒకే స్నానాల గది, దాని తలుపుకు గడియ బదులు తాడు. వేడి నీళ్లు బకెట్టు 30. గోడ మీద మాత్రం పెద్ద అక్షరాలతో, ప్రయాసపడి భారం మోస్తున్న వారందరూ నా యొద్దకు రండి అన్న ప్రభువు మాట. బకెట్టు మోసుకుంటూ ఆ గోడ పక్కనుంచే వెళ్లాలి.

నిద్ర పట్టని వాళ్ల కోసం పెట్టిన ఆ కూడిక రాత్రి పదకొండున్నర దాకా సాగింది. రేకుల షెడ్డులో ఆరు స్పీకరు పెట్టెలు. డ్రమ్ము మోగినప్పుడల్లా అక్క ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకునేది. ప్రసంగం ఏలీయా మీద. మూడున్నరేళ్లు వాన ఆపాడు, కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దింపాడు, అలాంటి దేవుణ్ణి పెట్టుకుని నీకు నిద్ర రాదా అని అడిగాడు ప్రసంగీకుడు. జనం హల్లెలూయా అన్నారు. నేనూ అన్నాను, దాచడమెందుకు.

తర్వాత ‘ప్రత్యేక ప్రార్థన’. దానికి టోకెన్ 500, నూనె సీసా 200. రోగికి సంఘపు పెద్దలు నూనె రాసి ప్రార్థించాలని యాకోబు పత్రికలో ఉంది కానీ, సీసా ధర ఎంతో అందులో లేదు. మా వంతు వచ్చింది. అక్క చెప్పింది ప్రసంగీకుడు రెండు నిమిషాలు విన్నాడు. మాత్రలు వేసుకుంటున్నావా అన్నాడు. అవునంది. “అయితే నువ్వు ఆనుకున్నది మాత్ర మీద, దేవుడి మీద కాదు. ఈ రాత్రి నుంచి మానెయ్యి” అని, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు పైకి తోసుకుని, తర్వాతి టోకెన్ నంబరు చదివాడు. ఆ కళ్లద్దాలు ఎవరి మీద ఆనుకున్నట్టో అడగాలన్న తెలివి నాకు బయటికి వచ్చాక గానీ రాలేదు.

అక్క ఆ రాత్రి మాత్ర వేసుకోలేదు. బతిమాలాను, కసిరాను, మొండికేసింది. రెండు గంటలప్పుడు మెలకువ వచ్చి చూస్తే మంచం మీద కూర్చుని ఉంది. “నాకు విశ్వాసం తక్కువేనేమో చెల్లీ. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను సరిగ్గా ప్రార్థన చేసి ఉండను. అందుకే పోయారేమో” అంది. మూడు వేలు పోతే పోనీ, జీతంలో కోత అనుకుంటాను. భర్త పోయిన మనిషి నెత్తిన ఆయన చావు కూడా నీ తప్పేనన్న అనుమానం పెట్టి పంపారే, దాన్ని మాత్రం ఇంతవరకు క్షమించలేకపోయాను. క్షమించాలని తెలుసు. చూద్దాం.

ఫోను వెలుతురులో బైబిలు తీశాను. రాజుల మొదటి గ్రంథం, ప్రసంగీకుడు చదివింది పద్దెనిమిదో అధ్యాయం. ఆయన ఒక్క పేజీ తిప్పి ఉంటే పందొమ్మిది వచ్చేది. అగ్ని దింపిన అదే ఏలీయా అందులో అరణ్యంలోకి పారిపోయి, బదరీ వృక్షం కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. అక్కడికి వచ్చిన దేవదూత ప్రసంగం చేయడు, విశ్వాసం ఏమైందని నిలదీయడు. నిద్రపోతున్నవాణ్ణి తట్టి, లేచి తిను అంటాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి ఉంటాయి. తిని మళ్లీ పడుకుంటాడు. దూత రెండోసారీ వచ్చి తినమనే చెబుతాడు. అక్కకు ఇదంతా చదివి వినిపించాను. పౌలుకు తోడుగా తిరిగిన లూకా వైద్యుడేనని కూడా చెప్పాను. విన్నది, ఏమీ అనలేదు.

తెల్లవారి ఒక వింత జరిగింది. దైవసేవకులకు ఎన్నడూ ఎదురు చెప్పని మా ఆయన బల్ల దగ్గరికి వెళ్లి, మిగతా రెండు రోజులు ఉండటం లేదు, సగమైనా తిరిగి ఇవ్వండి అని అడిగారు. ఆ కుర్రవాడు రసీదు చూపించాడట. కానుక తిరిగి ఇవ్వరు కదా అన్నాడట. అందుకే దాని మీద గది అద్దె అని రాయలేదు! మొత్తం లెక్క: పేర్ల నమోదు 1,050, గది 1,200, రెండు బకెట్లు 60, టోకెన్ 500, సీసా 200. ఒక్క రాత్రికి 3,010. మా ఆయన తిరిగి వచ్చి మాట్లాడకుండా సంచి సర్దారు. తర్వాత అక్క ముందు నిలబడి, “లేవండి వదినా, ఏమైనా తిందాం” అన్నారు.

పాలమూరు బస్టాండు దగ్గర లాడ్జిలో మూడు మంచాల గది 900. ఏసీ లేదు, కానీ దుప్పట్లు ఉతికినవి, గడియ పడుతుంది. శిబిరాలకు వెళ్లేవాళ్లకు నా సలహా ఇదే, రాత్రి బస మాత్రం ఊళ్లో పెట్టుకోండి. గదిలోంచే 14416కు ఫోను చేశాను. మనసు బాగోలేని వాళ్లకు ఫోనులో సాయం చేయడానికి ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు. తప్పిన మాత్రకు బదులు రెండు వేయవద్దు, ఈ రాత్రి మామూలు వేళకు ఒకటే ఇవ్వండి అన్నారు. ఎందుకు మానిందని అడిగారు కానీ, ఎవరినీ నిందించలేదు. ఫోను అక్కకు ఇమ్మంటే ఇచ్చాను. పావుగంట మాట్లాడింది.

వీధి చివర ఒక రేకుల మెస్సు. ఒకావిడ కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు చేత్తో తట్టి కాలుస్తోంది, రొట్టె 15. పక్కన వంకాయ కూర, పచ్చి పులుసు, పల్లీల పొడి. పల్లీకి పాలమూరు పెట్టింది పేరు, ఆ పొడి కోసమే మళ్లీ వెళ్లినా వెళ్తాను. నిప్పుల మీద పొంగుతున్న రొట్టెను అక్క చాలాసేపు చూసింది. మూడు తిన్నది. ఎనిమిది నెలల్లో ఆమె కంచంలో రెండోసారి వడ్డించుకోవడం నేను చూడలేదు. ముగ్గురికి 240 అయింది. గదికి వచ్చి మధ్యాహ్నం ఒంటిగంటకు పడుకుని ఆరింటికి లేచింది. రాత్రి మాత్ర తానే అడిగి వేసుకుంది.

ఆదివారం ఊళ్లోని పాత ఎం.బి. సంఘం ఆరాధనకు వెళ్లాం. ఎం.బి. అంటే మెన్నోనైట్ బ్రెదరెన్ అనే క్రైస్తవ శాఖ. మా ప్రాంతానికీ వాళ్లకూ పాత చుట్టరికం ఉంది. 1890లో నల్లగొండలో మిషను పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైటు. పాలమూరులో మొదట పనిచేసిన అమెరికన్ బాప్టిస్టులు 1937లో దాన్ని మెన్నోనైట్ బ్రెదరెన్ వారికి అప్పగించారు. ప్రసంగం మామూలుగా ఉంది, కొంచెం పొడవు, మా ఆయన ఒక కునుకు తీశారు కూడా. కానీ అక్క పక్కన కూర్చున్న ముసలమ్మ కీర్తనల పుస్తకం తెరిచి ఇద్దరి మధ్యా పట్టుకుంది. రెండో చరణానికి అక్క పెదవులు కదిలాయి. బయటికి వచ్చాక ఆ పెద్దమ్మ ఏ ఊరమ్మా, తిన్నావా అని అడిగిందే తప్ప ఏ సమస్యతో వచ్చావని అడగలేదు. కానుక పళ్లెంలో మా ఆయన 200 వేశారు, ఆ లెక్క ఇంతవరకు నాకు చెప్పలేదు.

బస్సుకు సమయం ఉందని పిల్లలమర్రికి వెళ్లాం. ఆటోవాడు 200 అడిగితే మా ఆయన 120కి దించారు. ఏడు వందల ఏళ్లదని చెప్పే ఆ మర్రిచెట్టును మేం కంచె ఇవతలి నుంచే చూడాల్సి వచ్చింది. ఊడల మధ్య తిరగవచ్చనుకుని వచ్చిన మా ఆయన నిరాశపడ్డారు. 2018లో చెద పట్టి కొమ్మలు ఎండుతుంటే సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టు బొట్టుగా మందు ఎక్కించారని పేపర్లలో వచ్చింది కదా, ఆ సంగతి చెప్పాను. అక్క కాసేపు చెట్టు వంక చూసి, “పాపం, దీనికీ విశ్వాసం తక్కువేనేమో” అంది. మా ఆయన ముందు అర్థంకాక నా వైపు చూశారు, తర్వాత నవ్వలేక కంచె పట్టుకున్నారు.

ఆ నూనె సీసా మూత ఇంటికి వచ్చాక తీసి చూశాం. మామూలు కొబ్బరి నూనె. అక్క ఇంటి వెనక తలుపు ఎన్నాళ్లనుంచో కిర్రుమంటోంది. మంగళవారం తానే స్టూలు వేసుకుని దాని బందులకు పోసింది.