ఇంటికి వచ్చి ఎల్లో ఫీవర్ టీకా వేస్తామంటే నమ్మకండి

ఆఫ్రికా దేశాలకు ప్రయాణం పెట్టుకున్న హైదరాబాద్ వారికి ఈ సంగతి చెప్పడం నా బాధ్యతగా భావించి రాస్తున్నాను. మా అమ్మాయికి పురుడు పోయడానికి నేనూ మా వారూ ఉగాండాలోని కంపాలా వెళ్లవలసి ఉండగా, మాకు టికెట్లు తీసిన ట్రావెల్ ఏజెంటు, దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్ జ్వరానికి అక్కడ అడిగే టీకా కోసం ఎక్కడికీ తిరగనక్కరలేదని, తమ మనిషే ఇంటికి వచ్చి వేసి సర్టిఫికెట్ కూడా ఇస్తాడని చెప్పి, ఇద్దరికీ కలిపి 9,000 రూపాయలు తీసుకున్నాడు.

వచ్చిన మనిషి ముందే మందు నింపిన రెండు సిరంజిలను ప్లాస్టిక్ కవరులో తెచ్చాడు. ఐసు డబ్బా లేదు, సీసా చూపలేదు. ఈ టీకా పొడిగా ఉంటుందని, దానిని 2 నుంచి 8 డిగ్రీల చలిలో దాచి, వేసేటప్పుడే ద్రావకంతో కలపాలని, కలిపిన 6 గంటల తర్వాత మిగిలినది పారవేయాలని మాకు అప్పుడు తెలియదు. మా వారికి 64 ఏళ్లు. 60 దాటినవారికి ఈ టీకాతో అరుదుగానైనా తీవ్రమైన ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ కనుక ముందు వైద్యుడు పరిశీలించాలి. అతను వయసు అడగలేదు, గుడ్డు పడదా అని కూడా అడగలేదు. పైగా ఈ ఇంజెక్షన్‌తో మలేరియా కూడా రాదన్నాడు. అది పూర్తిగా అబద్ధం. మలేరియాకు వైద్యుని సలహాతో వేరే మాత్రలు వాడాలి.

సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. మా ప్రయాణానికి 6 రోజులే ఉన్నందున అతను సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు పుస్తకంలో తేదీని రెండు వారాలు వెనక్కి వేసి, "అందరికీ ఇలాగే రాస్తామమ్మా" అన్నాడు. ఆ మాటతో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు వెళ్లి చూపిస్తే, ఆ ముద్ర గుర్తింపు ఉన్న కేంద్రానిది కాదని తేలింది. మాకు ఎక్కించినది ఏ మందో తెలియదు కాబట్టి, నాలుగు వారాలు ఆగి అసలు టీకా వేయించుకోమని అక్కడి వైద్యురాలు చెప్పారు.

మన దేశంలో ఈ టీకాను కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే వేస్తారు. ఒక్కో సీసాలో పలువురికి సరిపడే మోతాదులు ఉంటాయి కనుక నిర్ణీత రోజులలోనే వేయడం మామూలు. ముందుగా కనుక్కొని, అసలు పాస్‌పోర్టు వెంట తీసుకువెళ్లండి. ఉగాండాలో దిగేటప్పుడే కాదు, తిరిగి వచ్చేటప్పుడూ ఇక్కడ సర్టిఫికెట్ అడుగుతారు. ఈ జ్వరం మన దేశంలో లేకపోయినా, దానిని వ్యాపింపజేసే దోమ, మన ఇళ్లలో డెంగీని తెచ్చే ఆ దోమే, ఇక్కడ విస్తారంగా ఉంది. అందుకే సర్టిఫికెట్ లేనివారిని 6 రోజుల వరకు విడిగా ఉంచుతారు. పాత సర్టిఫికెట్‌కు పదేళ్లు నిండాయి, మళ్లీ వేయించుకోవాలని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 2016 జూలై నుంచి ఒక్క మోతాదు జీవితాంతం చెల్లుతుంది.

ఇప్పటికే ఎవరైనా ఇంటి వద్ద ఇలా వేయించుకొని ఉంటే, ఆ పుస్తకాన్ని విమానాశ్రయం దాకా తీసుకువెళ్లకుండా వెంటనే నారాయణగూడలో చూపించండి. మేము 1915 వినియోగదారుల నంబరుకు ఫిర్యాదు చేశాము, డబ్బు ఇంకా రాలేదు. మేము కంపాలా చేరేసరికి మనవడికి నెల నిండింది.