పూరీలా పొంగిన కాలర్, గంజి తాగిన కాలర్

మూడేళ్ల కిందట ఒకే వారంలో రెండు తెల్ల చొక్కాలు తీసుకున్నాను. ఒకటి రెడీమేడ్. రెండోది కొండారెడ్డి బురుజు దగ్గర మా టైలర్ కుట్టినది. అప్పటి నుంచి ఒక రోజు ఇది, ఒక రోజు అది వేసుకుని కర్నూలు కోర్టుకు వెళ్తున్నాను. వేసవిలో కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదు. హాయే కానీ, కోటు దాచిపెట్టే లోపాలన్నీ అప్పుడే బయటపడతాయి. తెల్ల బ్యాండు కట్టుకున్నాక సోలిపోయిన కాలర్ ఎంత దీనంగా ఉంటుందో వకీళ్లకే తెలుసు.

కాలర్ నిలబడటానికి లోపల పెట్టే గట్టి గుడ్డే బక్రం. రెడీమేడ్ కాలర్‌లో ఉన్నది అతికించిన బక్రం. టైలర్లు పేస్టింగ్ అంటారు. బక్రం మీద చుక్కలు చుక్కలుగా జిగురు ఉంటుంది. ప్రెస్సులో సుమారు 150 డిగ్రీల వేడి, పైనుంచి ఒత్తిడి తగిలితే కొన్ని సెకన్లలో అది కరిగి గుడ్డను పట్టేస్తుంది. మొదటి ఏడాది ఆ కాలర్‌ను చూసుకుని మురిసిపోయాను. ఇస్త్రీ పెట్టె ఒక్కసారి తిప్పితే చాలు, పలకలా నిలబడేది. రెండో వేసవిలో కుడి కొసన గోరంత బుడగ లేచింది. నెల తిరిగేసరికి పూరీలా పొంగింది. పై గుడ్డ, లోపలి బక్రం ఉతుకుల్లో ఒకేలా కుంచించుకోవు. ఆ లాగుడుకు జిగురు వదిలేస్తుంది. ఇస్త్రీ బండి అతను బొగ్గుల పెట్టెతో బలంకొద్దీ నొక్కాడు. మధ్యాహ్నం వాయిదా వేళకు బుడగ మళ్లీ హాజరు.

టైలర్ పెట్టినది కుట్లతో మాత్రమే నిలిచే బక్రం. కత్తిరించే ముందు రాత్రంతా నానబెట్టి ఆరేశాడు. “కుంచించుకునేదేదో ఇక్కడే కుంచించుకోనీ సార్, మీ మెడ మీద ఎందుకు?” అన్నాడు. జిగురే లేదు కనుక బుడగ మాటే రాలేదు. చాకిరీ మాత్రం ఎక్కువ. తడి పూర్తిగా ఆరకముందే, వెనకవైపు మొదట, కొసల నుంచి నడుమకు ఇస్త్రీ చేయాలి. లేకపోతే కొసల్లో ముడతలు పడతాయి. పైగా ఉతికిన ప్రతిసారీ గంజి. అన్నం వార్చిన గంజిని వడకట్టి, నీళ్లు కలిపి పల్చగా పెట్టాలి. చిక్కగా పెడితే మన ఎండలకు చెమట పట్టి మెడ ఒరుసుకుపోతుంది. వానాకాలంలో సరిగ్గా ఆరకపోతే పులిసిన వాసన కూడా. ఒకరోజు మా జూనియర్ ఎంతో మర్యాదగా కుర్చీ దూరం జరుపుకున్నాడు.

కఫ్‌ల దగ్గర నా తీర్పు తిరగబడింది. రోజంతా బల్లకూ ఫైళ్లకూ రాసుకుని టైలర్ కఫ్‌లు మూడు గంటలకల్లా మెత్తబడతాయి. పేస్టింగ్ కఫ్‌లు ఈనాటికీ పొంగలేదు, వంగలేదు. అంచులు మాత్రం రెండింటికీ పీచులు తేలాయి.

రెడీమేడ్ కాలర్ కొసల్లో దూర్చే ప్లాస్టిక్ పుల్లలు మంచివే. తీయకుండా ఇస్త్రీ చేస్తే వంకర పోతాయి. నావి అలాగే పోయాయి.

మొన్న కొత్త చొక్కాకు గుడ్డ ఇచ్చాను. కఫ్‌లకే పేస్టింగ్, కాలర్‌కు వద్దన్నాను. బక్రం నానాలి కనుక శనివారం రమ్మన్నాడు.